అవును అని టిక్కు పెట్టిన ఊరు

డిగ్రీ పూర్తయి, బీఈడీ సీటు కోసం ఎదురుచూస్తూ నర్సీపట్నంలో ఇంట్లో ఖాళీగా ఉన్న శీతాకాలం అది. తొంభైల నడిమి రోజులు. పొద్దున్నే మా వీధి చివర నిలబడితే కొండలు కనిపించేవి కావు. మంచు కమ్మేసి, ఆకాశం నేల దాకా దిగివచ్చినట్టు అంతా తెల్లగా ఉండేది. తొమ్మిది దాటాక ఒక్కొక్క కొండే మెల్లగా బయటపడేది, నిద్రలో ఉన్నవాళ్ళ మీంచి ఎవరో దుప్పటి లాగుతున్నట్టు. చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా నేను అరుగు మీద కూర్చుని అదే చూస్తుండేదాన్ని.

"ఏటే, ఆ కొండలకి నువ్వే కాపలానా?" అని మా అమ్మ లోపల నుంచి కేకలేసేది.

అలాంటి ఒక పొద్దున మేస్టారు మా ఇంటికి వచ్చారు. నిజానికి ఆయన బడిపంతులు కాదు. గణాంకాల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. మా చర్చిలో పెద్ద. చిన్నప్పుడు సండే స్కూల్లో మాకు పాఠాలు చెప్పారు కాబట్టి నాకు మేస్టారే. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. వానాకాలం కాకపోయినా చంకలో గొడుగు ఉండేది.

"అమ్మాయీ, నీ చేతిరాత బాగుంటాది. నడవగలవా?" అన్నారు వస్తూనే.

నడవడానికేం అన్నాను. ఆయన అరుగు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు. దేశంలో ఇంధనం వాడకం ఎలా ఉందో, అది రేపటి వాళ్ళకి కూడా మిగిలేలా వాడుతున్నామో లేదో తెలుసుకోవడానికి ఒక పెద్ద సర్వే జరుగుతోందట. మన వైపు ఊళ్ళ బాధ్యత ఆయనకి అప్పగించారట.

"డ్యాములు కట్టారు, బొగ్గు తవ్వుతున్నారు, బాగానే ఉంది. కాని ఒక ఇంట్లో అన్నం దేంతో ఉడుకుతోంది? ఆ కట్టె ఎంత దూరం నుంచి వస్తోంది? కొట్టిన చెట్టు మళ్ళీ మొలుస్తోందా? దీపం దేంతో వెలుగుతోంది, ఎన్ని గంటలు? ఇవన్నీ కొలిచి అంకెలుగా చేస్తే వాటిని సూచికలంటారు. అయిదేళ్ళకో పదేళ్ళకో మళ్ళీ కొలిచి పక్కపక్కన పెట్టుకుంటే మనం ఎటు పోతున్నామో తెలుస్తాది."

మా అమ్మ ఆయనకి కాఫీ ఇస్తూ, "కట్టెలు తూస్తే దేశం సంగతి తెలుస్తాదేటండీ?" అంది.

"తెలుస్తాదమ్మా. వంటింట్లోకి రాకుండా దేశం గురించి చెప్పీవోళ్ళ మాట నమ్మకండి" అన్నారాయన.

అలా నాకు మొదటి ఉద్యోగం దొరికింది. ఒక అట్ట, దానికి క్లిప్పు, కట్ట ఫారాలు, వేలాడదీసే స్ప్రింగ్ కాటా. గడియారం నాదే, పదో తరగతి పాసైనప్పుడు నాన్న కొన్నది.

ముందు మాకవరపాలెం వైపు ఒక పల్లెకి వెళ్ళాం, పని నేర్చుకోవడానికి. అక్కడ బెల్లం వండే రోజులు. చెరుకు తోటల మధ్య పెద్ద పొయ్యి, దాని మీద అంతకంటే పెద్ద పెనం. గాలి మొత్తం తియ్యగా ఉండేది. బస్సు దిగి నడుస్తుంటే నాలిక మీదే తీపి తెలిసేది. పొయ్యిలోకి ఎండిన చెరుకు పిప్పిని ఎగదోస్తున్న రైతుని అడిగాను, ఇంధనం ఏమిటని. "పిప్పేనండి. పారీసీదే కాలుస్తన్నాం. ఇది రాస్తారేటి?" అని ఆశ్చర్యపోయాడాయన. మా ఫారంలో కట్టె ఉంది, పిడక ఉంది, బొగ్గు ఉంది, పిప్పి లేదు. మేస్టారు 'ఇతరములు' అన్న గడి చూపించారు. ఆ ఊళ్ళో రెండు రోజులూ నేను ఇతరములు గడే నింపాను. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా జుట్టులో పాకం వాసన. కళ్ళు మూసుకుంటే పెనంలో బుడగలు చిట్లుతూ కనిపించేవి.

ఆ తర్వాత కొయ్యూరు కొండల్లోకి.

నర్సీపట్నం నుంచి పొద్దున బస్సెక్కాం. కిటికీ బయట ఏమీ లేదు, మంచు తప్ప. ఒక్కోసారి మంచులోంచి ఒక చెట్టు, ఒక మేక, ఒక చెయ్యి బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోయేవి. మేస్టారు ముందు సీట్లో కునుకు తీస్తున్నారు. నాకు మాత్రం బస్సు కదలడం లేదనీ, లోకమే మా పక్కనుంచి వెనక్కి జారిపోతోందనీ అనిపించింది. దిగాక గంటన్నర నడక. జీడి తోట దాటి, ఒక గెడ్డ, అంటే కొండవాగు, దాటి, పైకి. ఎండ వచ్చేసరికి ఊరు కనిపించింది. ముప్పై నలభై ఇళ్ళుంటాయి. ప్రతి ఇంటి పైకప్పు లోంచీ పొగ లేస్తోంది. పొగ గొట్టాలు లేవు, పెంకుల సందుల్లోంచే. దూరానికి ఊరు ఊరంతా మెల్లగా ఊపిరి వదులుతున్నట్టు ఉంది.

మా ఫారం ప్రకారం ఏదో ఒక ఇంట్లో వారం రోజులు కట్టెలు రోజూ తూచాలి. ఆ వారం నేను ఆ ఊళ్ళోనే ఉండాలి. మేస్టారు పక్క ఊళ్ళు చూసుకుంటూ మధ్యలో వచ్చి పోతారు. నన్ను ఒక ఇంట్లో దింపారు. ఆ ఇంటావిడకి ముప్పై ఏళ్ళుంటాయి. భర్త పనికోసం దిగువకి వెళ్ళాడు. ఇంట్లో ఆమె, నాలుగేళ్ళ కూతురు. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంత సన్నంగా ఉన్నావు, కొండెలగెక్కినావమ్మా?" అంది. మొదటి రోజే నేను అక్కా అన్నాను. రెండో రోజుకి ఆమె నన్ను సెల్లీ అంది.

ఆ ఇంట్లో నా పని చాలా తేలిక. పొద్దున ఆమె వాడబోయే కట్టెల్ని తాడుతో కట్టి, దూలానికి వేలాడదీసిన కాటాకి తగిలించి, ముల్లు నిలబడ్డాక రాసుకోవడం. సాయంత్రం మిగిలినవి మళ్ళీ తూచి, ఆ బరువు తీసెయ్యడం. మొదటి రోజు ముల్లు మేస్టారు చెప్పిన అంచనా కంటే ఎక్కువే చూపించింది. రెండో రోజు ఇంకా ఎక్కువ. నాకు అర్థం కాలేదు. మూడో రోజు అడిగాను.

"నువ్వొచ్చినావు కదా సెల్లీ. రెండు పూటలా అన్నం వొండుతన్నాను. మాకైతే పొద్దున చోడి అంబలే" అంది.

నేను రావడం వల్ల లెక్క మారిపోయింది. మధ్యాహ్నం మేస్టారు వస్తే భయంగా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అలగైతే నువ్వూ అంబలే తాగు" అన్నారు. నాలుగో రోజు నుంచి నాకూ ఆ రాగి అంబలే. మామిడి టెంకల పిండి రుచి, ఉప్పు మిరపకాయ కొరుక్కుంటూ తాగే చోడి గంజి రుచి నాకు ఆ ఊరే నేర్పింది.

ఆ కాటా అంటే ఊళ్ళో అందరికీ సరదాగా ఉండేది. గుమ్మడికాయ తెచ్చి తూయమనేవాళ్ళు, కోడిని తెచ్చేవాళ్ళు. ఒకరోజు అక్క తన చీరని ఉయ్యాలలా మడిచి, అందులో కూతుర్ని కూర్చోబెట్టి కొక్కేనికి తగిలించింది. పిల్ల గాల్లో గుండ్రంగా తిరుగుతూ కిలకిలా నవ్వుతోంది. పెంకుల సందుల్లోంచి పడుతున్న ఎండ చారలు దాని ముఖం మీంచి పోతున్నాయి, వస్తున్నాయి. ముల్లు నిలబడదే. మేమిద్దరం తలలెత్తి చూస్తూ ఉండిపోయాం. చివరికి ముల్లు ఆగాక నేను అంకె చెప్పాను. అక్క ఆ అంకెని రెండుసార్లు పలికింది, పేరు పెట్టినట్టు. అప్పటిదాకా ఆ పిల్ల బరువు ఎవరూ చూడలేదట.

అయిదో రోజు ఆమెతో కట్టెలకి వెళ్ళాను. ఎంత దూరం, ఎంతసేపు అన్నది రాయాలి. తెల్లవారుతుండగా బయలుదేరాం, మరో ముగ్గురు ఆడవాళ్ళతో. అడవిలో మంచు చినుకుల్లా ఆకుల మీంచి రాలుతోంది. ఎవరి అడుగుల చప్పుడు వాళ్ళకే వినిపిస్తోంది. గట్టు ఎక్కాక వాళ్ళు ఆగి ఉసిరికాయలు ఏరుకున్నారు, రాయి మీద కూర్చుని అవతలి ఊరి ఆడవాళ్ళతో చాలాసేపు మాట్లాడుకున్నారు, పాట పాడుకున్నారు. నేను గడియారం చూసుకుంటూ ఈ సమయం లెక్కలోకి వస్తుందా రాదా అని మథనపడ్డాను. ఫారంలో అది 'కట్టెలకు వృథా అయిన సమయం' అని ఉంది.

అక్కని అడిగాను, "ఇలగ దినాం ఇంతసేపు పోతాంటే నీకు బాధనిపించదా?"

ఆమె చేతిలోని ఉసిరికాయ కొరికింది. "మోసుకొచ్చినప్పుడు మెడ నొప్పి. అది నిజమే. ఇప్పుడు నొప్పి ఏటుంది? మా సిన్నమ్మ అవతలూరు. ఇక్కడికొస్తేనే కనిపిస్తాది" అంది.

వచ్చేటప్పుడు నాకూ ఒక చిన్న మోపు ఇమ్మన్నాను. వద్దన్నారు. పట్టుబట్టాను. తలమీద చుట్టగుడ్డ పెట్టి ఎత్తారు. పది అడుగులు బాగానే వేశాను. దిగుడులో తడి రాయి మీద కాలు జారింది. కూర్చుండిపోయాను. చీలమండ క్షణాల్లో వాచిపోయింది. మిగతా ముగ్గురూ ముందుకెళ్ళిపోయారు, వాళ్ళకి తెలీదు. అక్క తన మోపుని దారి పక్కన దించేసింది. నా చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుంది.

"నీ మోపు?" అన్నాను.

"దానికి కాల్లేవు, ఎక్కడికీ పోదు. నువ్వు పద" అంది.

ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ పూట వాళ్ళ పొయ్యిలోకి కట్టెలు లేవు. పక్కింటావిడ తన ఇంట్లో రెండిళ్ళకీ కలిపి వండింది. ఆ రోజు కాటాకి తగిలించడానికి ఏమీ లేదు. సాయంత్రం మేస్టారు వచ్చి నా కాలు చూసి కంగారుపడ్డారు, ఏదో ఆకు పసరు కట్టారని తెలిసి స్థిమితపడ్డారు. ఆ తర్వాత నేను ఫారం తీసి, ఈ రోజు ఏం రాయాలని అడిగాను. మిగతా రోజుల సగటు వేసెయ్యనా అన్నాను.

"వొద్దు. సున్నా వెయ్యి. ఎందుకు సున్నా అయిందో పక్కన రాయి" అన్నారాయన.

నా మూలంగా ఒక ఇంట్లో పొయ్యి వెలగలేదని నా చేత్తోనే రాసుకున్నాను. అక్క నన్ను ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, దారి పక్కన దించిన మోపు తెచ్చుకుంది.

కాలు మామూలయ్యేదాకా ఇంకో వారం అక్కడే ఉన్నాను. పడుకోవడం తప్ప పని లేదు. ఆ రోజులు నాకు ఇప్పటికీ వరసగా గుర్తుకురావు. ముక్కలు ముక్కలుగా, నీళ్ళలో కనిపించినట్టు గుర్తొస్తాయి. పొయ్యి రాజేసినప్పుడు పొగ ముందు నేలమీద పాకేది, తర్వాత గోడలు పట్టుకుని లేచేది, దూలాలకి చుట్టుకునేది. పై నుంచి దిగే ఎండ గీతల్లో అది నీలంగా మారేది. నేను పడుకుని దాని దారులు చూస్తుండేదాన్ని. ఒక్కోసారి ఆ నీలంలో మా చర్చి కిటికీ అద్దాలు కనిపించేవి, ఒక్కోసారి సముద్రం. నిద్రో మెలకువో తెలిసేది కాదు. అంత అందమైనదే గొంతులోకి దిగితే దగ్గు తెప్పించేది. నాకు వారానికే కళ్ళు ఎర్రబడ్డాయి. అక్క పొయ్యి ఊదుతూ కొంగుతో కళ్ళు తుడుచుకునేది, ఊదేది, తుడుచుకునేది. ఆమె దగ్గు విని నేను తెల్లవారిందని తెలుసుకునేదాన్ని.

మేస్టారు వచ్చినప్పుడు అడిగాను. "కట్టెల బరువు రాస్తున్నాం, దూరం రాస్తున్నాం. ఈ దగ్గు ఎక్కడ రాయాలి?"

ఆయన ఫారం మొత్తం తిప్పి చూశారు. "గడి లేదమ్మా" అన్నారు. జేబులోంచి పెన్ను తీసి, అంచున ఖాళీగా ఉన్న చోట చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో రాశారు. పొయ్యి ఇంటి లోపల, పొగ పోయే దారి లేదు, ఇంటావిడకి ఎడతెగని దగ్గు అని.

ఆఖరి రోజు ఊరి ఫారం నింపాలి. అందులో మొదటి ప్రశ్న, ఈ గ్రామానికి విద్యుత్ సౌకర్యం ఉందా. నేను నవ్వుకుంటూ 'లేదు' మీద పెన్ను పెట్టాను. మేస్టారు నా చెయ్యి ఆపారు.

ఊరి హద్దులో, గెడ్డ ఇవతల, ఒక జీడి నర్సరీ ఉంది. దానికి నీళ్ళు తోడే మోటారు షెడ్డు. ఆ షెడ్డుకి దిగువ నుంచి తీగ వచ్చింది. చూరుకి ఒక బల్బు. చీకటి పడే వేళ ఊరి అరుగుల మీంచి చూస్తే అది చెట్ల మధ్య మిణుకుమిణుకుమంటూ కనిపించేది. అప్పటి నిబంధన ప్రకారం ఊరి హద్దులో ఏదో ఒక పనికి, ఒక్క చోట కరెంటు వాడినా చాలు, ఆ ఊరు కరెంటున్న ఊరే.

"ఒక్క ఇంట్లో కూడా లేదు కదండీ" అన్నాను.

"లేదు."

"మరి అవును అని ఎలగ రాస్తాం?"

"మనకిష్టమొచ్చినట్టు నింపితే అది లెక్క కాదమ్మా. నిబంధన తప్పయితే నిబంధన మార్చాలి. అందరూ ఒకేలా తప్పు నింపితేనే ఆ తప్పు పైవాళ్ళకి కనిపిస్తాది. పక్కన మళ్ళీ రాద్దాం, ఇళ్ళకి లేదని."

నేను అవును గడిలో టిక్కు పెట్టాను. అక్క నా పక్కనే కూర్చుని చూస్తోంది.

"ఏటి రాసినావు?"

అబద్ధం చెప్పలేకపోయాను. "మీ ఊళ్ళో కరెంటు ఉందని రాశాను."

ఆమె ముందు నా ముఖం చూసింది, హాస్యమాడుతున్నానేమోనని. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. గుమ్మంలోకి వెళ్ళి, "ఓలమ్మా, ఇనండే! మనూరికి కరెంటొచ్చీసిందంట!" అని కేకేసింది. నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చారు. ఒకావిడ వెతుకుతున్నట్టు చూరు కింద తల వంచి చూసింది. ఇంకొకావిడ గోడ మీద ఎక్కడో నొక్కి, "లైటెలగలేదేటే?" అంది. అందరూ నవ్వుతూనే ఉన్నారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యాలో తెలీక. వాళ్ళు వెళ్ళిపోయాక అక్క నా దగ్గరికొచ్చి కూర్చుంది. అప్పుడు ఆమె నవ్వడం లేదు.

"సెల్లీ, నీకు సదువొచ్చు కదా. ఎక్కడుందో నాకూ సూపించు" అంది, మెల్లగా.

నేను తల వంచుకుని ఫారాలు సర్దుకున్నాను. దిగి వస్తుంటే కాటా, ఫారాల కట్ట మేస్టారే మోశారు.

ఏడాది దాటాక నివేదిక అచ్చై వచ్చింది. అప్పటికి నేను బీఈడీ చేస్తున్నాను. సెలవులకి ఇంటికొస్తే మేస్టారు దాన్ని పట్టుకుని వచ్చారు. లావుపాటి పుస్తకం. పట్టికలు, పటాలు. దేశం ఒక పట్టిక, రాష్ట్రం ఒక వరస, జిల్లా ఒక అంకె. మా ఊళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఆయన వేలితో వరసల వెంట పోయి, దశాంశ బిందువు తర్వాత ఉన్న అంకె దగ్గర ఆపారు.

"మనోళ్ళు ఇక్కడున్నారమ్మా" అన్నారు.

నేను ఆ అంకె వైపు చాలాసేపు చూశాను. దానిలోంచి పొగ కాని, పాట కాని, తడి ఆకుల వాసన కాని రాలేదు. మేస్టారు మాత్రం పుస్తకాన్ని బైబిలు మూసినంత నెమ్మదిగా మూశారు. ఆయనకి గర్వంగానూ ఉంది, దిగులుగానూ ఉంది.

తర్వాత నాకు నర్సీపట్నంలోనే టీచరుద్యోగం వచ్చింది. పెళ్ళయింది. పిల్లలు, బడి, ఇల్లు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం మేస్టారు కబురు పెట్టారు. అప్పటికి ఆయనకి చూపు బాగా తగ్గింది. ఎదుటి మనిషిని గొంతుతోనే పోల్చుకునేవారు. వెళ్ళగానే, "నిబంధన మార్చారమ్మా!" అన్నారు, పిల్లాడిలా సంబరంగా. ఇక మీదట ఊళ్ళో కనీసం పదింట ఒక ఇంటికైనా కరెంటు ఉండాలట. బడి, పంచాయతీ ఆఫీసు లాంటి చోట్ల ఉండాలట. అప్పుడే అది కరెంటున్న ఊరు. కొత్త నిబంధనతో ఊళ్ళన్నీ మళ్ళీ చూస్తున్నారు, వేసవి సెలవుల్లో టీచర్లని పంపుతున్నారు.

"కొయ్యూరు వైపు నువ్వు ఎల్లు. నాను ఎల్లలేను కదా."

వెళ్ళాను. ఆటో గెడ్డ దాకా పోతోంది. ఊరికి మాత్రం నడకే. వేసవి కాబట్టి మంచు లేదు. ఎండకి కొండ అంచులు కరిగి వణుకుతున్నాయి. జీడిపళ్ళు రాలి కుళ్ళిన పులుపు వాసన దారంతా. అక్క నన్ను చూడగానే పోల్చింది. జుట్టు నెరిసింది, కళ్ళకింద నల్లబడింది. "కాలు బాగుందా సెల్లీ?" అంది, నిన్నగాక మొన్న దింపి పంపినట్టు. కూతురు దిగువన హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోందట.

కొత్త ఫారంలో కొత్త ప్రశ్నలు ఉన్నాయి. పొయ్యి లోపలా బయటా, పొగ పోయే దారి ఉందా అన్న గడి కూడా. ఆ గడి మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను. మేస్టారు అంచున రాసిన వాక్యం వల్ల వచ్చిందని చెప్పలేను. దేశంలో ఎన్ని అంచుల్లో ఎంతమంది అలా రాశారో.

ఊరి పెద్దలు రచ్చబండ దగ్గర చేరారు. విద్యుత్ సౌకర్యం ఉందా అన్న చోట నేను లేదు అని టిక్కు పెట్టాను. ఏం రాశావని అడిగారు. చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు.

"అప్పుడేమో ఉందన్నారు. ఇప్పుడు నేదంటన్నారు. ఒచ్చింది ఎప్పుడు, పోయింది ఎప్పుడు? మాం సూణ్ణేదు."

ఇంకొకాయన కోపంగా, "నేదని రాస్తే ఉన్న ఒక్క తీగా పట్టుకుపోతారు. కొట్టీయండి దాన్ని" అన్నాడు. చుట్టూ గొంతులు లేచాయి. నేను వివరించబోయాను, వినలేదు. నా చేతిలోంచి అట్ట లాక్కోబోయారు కూడా.

అక్క ఆడవాళ్ళలోంచి ముందుకొచ్చింది. "ఆగండి. నానడుగుతాను" అంది. నా వైపు తిరిగింది. "సెల్లీ, అప్పుడు ఉందని రాసినావు. ఉందంటే ఏటొచ్చింది మాకు?"

"ఏమీ రాలేదక్కా. ఉందనుకున్నారు కాబట్టి ఇంకెవరూ రాలేదు."

"ఇప్పుడు నేదని రాస్తే?"

"లేని ఊళ్ళ జాబితాలోకి ఎక్కుతుంది. ఆ జాబితాలో ఉన్న ఊళ్ళకే స్తంభాలు వేస్తారంటున్నారు. వేస్తారని నేను మాటివ్వలేను. కాని ఉందని రాస్తే ఎప్పటికీ వెయ్యరు."

ఆమె ముసలాయన వైపు చూసింది. "ఇన్నారు కదా తాతా. మన ఇళ్ళల్లో నేదు. నేదు కాబట్టి నేదనే రాయాల." తర్వాత నా అట్ట తీసుకుని, ఊరి తరఫున సంతకం చేసేచోట తన పేరు రాసింది. ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. కూతురు నేర్పిందట. ఆమె రాయడం చూసి ముసలాయన కూడా వేలిముద్ర వేశాడు.

నేను తిరిగొచ్చి చెబితే మేస్టారు మొత్తం రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆ ఏడాది దేశంలో కరెంటున్న ఊళ్ళ లెక్క కాగితం మీద తగ్గిందని ఆయనే చెప్పారు. "ఎనక్కెళ్ళినట్టు కనిపిస్తాది. కాని నిజం దగ్గరికి వచ్చాం" అన్నారు. తర్వాతి శీతాకాలంలో ఆయన పోయారు.

స్తంభాలు రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. అక్క కూతురు నర్సీపట్నంలో ఇంటర్ చదువుతూ మా ఇంటికొచ్చి చెప్పింది. "మా ఇంట్లో లైటెలిగింది పిన్నీ. అమ్మ నిన్ను రమ్మంది." గ్యాస్ కనెక్షన్ కూడా వచ్చిందట, ఆడవాళ్ళ సంఘం వాళ్ళకి ఇస్తుంటే.

క్రిస్మస్ సెలవుల్లో వెళ్ళాను. మళ్ళీ మంచు. మధ్యాహ్నం అయినా పూర్తిగా విడలేదు. ఇంట్లోకి వెళ్ళగానే అక్క స్విచ్చి వేసింది, పగలే. దూలాలు, వాటికి పట్టిన మసి, మూలల్లో బూజు అన్నీ ఒక్కసారిగా కనిపించాయి. "ఎలుగొచ్చాక తెలిసింది నా ఇల్లింత నల్లగుందని. రెండుసార్లు అలికినాను" అంది సిగ్గుపడుతూ.

మూలన పీట మీద గ్యాస్ పొయ్యి ఉంది, పైన పూల గుడ్డ కప్పి. సిలిండర్ అయిపోతే దిగువ నుంచి గెడ్డ దాటించి మోసుకురావాలి. అందుకని జ్వరమొచ్చినప్పుడో, చుట్టాలొచ్చినప్పుడో తప్ప వెలిగించదట. రోజువారీ వంట కట్టెలతోనే. కాకపోతే పొయ్యి ఇప్పుడు బయట పంచలోకి మారింది. దగ్గు తగ్గిందా అని అడిగాను. "సగం" అంది.

నాకోసం గుడ్డ తీసి గ్యాస్ వెలిగించింది. టీ పెట్టింది. మేమిద్దరం ఆ నీలం మంట ముందు కూర్చున్నాం. గిన్నె అడుగున అది వణకకుండా, పూవులా విచ్చుకుని ఉంది.

"సప్పుడుండదు సెల్లీ. కట్టైతే సిటపటమంటాది, మాటాడినట్టుంటాది. ఇది పక్కనున్నా ఎవులూ లేనట్టుంటాది" అంది.

"మీ చిన్నమ్మ కనిపిస్తోందా?"

"కనిపిస్తాది. ఇప్పుడు దినాం ఎల్లను, వారానికి రెండుసార్లే. మద్దెలో మాటలన్నీ దాసుకుని ఎల్తాం" అని నవ్వింది.

నా దగ్గర ఆ రోజు ఫారం లేదు. ఉంటే కరెంటు, అవును. గ్యాస్, అవును. కట్టెలు, అవును. మూడూ నిజమే. టీ తాగుతూ గుమ్మంలోంచి బయటికి చూశాను. మంచు పెరట్లోకి వచ్చేసింది. ఎదుటి ఇల్లు కనిపించడం లేదు కాని, అందులో వెలుగుతున్న దీపం ఎవరిదో తెలీనట్టుగా గాల్లో పసుప్పచ్చగా నిలబడి ఉంది. అక్క గ్యాస్ కట్టేసి గుడ్డ కప్పింది. చేట తీసుకుని పంచలోకి నడిచింది, సాయంత్రం అన్నానికి బియ్యం చెరగడానికి. నేనూ లేచి ఆమె పక్కన కూర్చున్నాను.